తెట్టు డబ్బా

2 సెప్టెంబరు 1993, గురువారం

మణి నిన్న విమానం ఎక్కింది. కడుపుతో ఐదో నెల నిండింది. ఇంతకుముందు రెండుసార్లు నిలబడలేదు, ఒకటి నాలుగో నెలలో పోయింది, ఒకటి ఆరో నెలలో. ఈసారి డ్యూటీ వద్దు, మెట్లు వద్దు, పుట్టింటికి వెళ్ళి మంచం మీద ఉండమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మణి ఆ ఆస్పత్రిలోనే నర్సు కాబట్టి ఎదురు చెప్పలేకపోయింది. నేను అదే ఆస్పత్రిలో ఏసీలు, పంపులు చూసే మెకానిక్‌ని కాబట్టి నన్నెవరూ అడగలేదు.

ఈ డైరీ కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఎనిమిది నెలలు టీవీ కింద పడి ఉంది. ఇప్పుడు ఇంట్లో మాట్లాడే మనిషి లేదు, అందుకని బయటికి తీశాను.

చేపల తొట్టి గాజుకి మణి ఒక కాగితం అంటించి వెళ్ళింది. పైన "ఏసుదానంగారికి" అని పేరు కూడా రాసింది, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు. పొద్దున, సాయంత్రం డబ్బాలోంచి చిటికెడు మేత చల్లాలి, ఎక్కువ వద్దు. గాజు మీది పాచి గురువారం సాయంత్రం తుడవాలి. తెట్టు డబ్బా కప్పు నిండగానే పారబొయ్యాలి. తొట్టి చుట్టుపక్కల సబ్బు కనపడకూడదు, సబ్బు చేపలకి విషం. అన్నిటికంటే కింద, తొట్టికి సంబంధం లేనిది ఒకటి. శుక్రవారం తలకి నూనె పట్టించి, గంటసేపు నాననిచ్చి, కుంకుడుపొడితో రుద్దుకోండి, ఈ మస్కట్ నీళ్ళకి ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయి.

వంటింట్లో మూడు సీసాల కొబ్బరినూనె పెట్టి వెళ్ళింది. నాలుగు వెంట్రుకలకి మూడు సీసాలు.

3 సెప్టెంబరు, శుక్రవారం

నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ఓపిక లేదు. గాజు పని ఇవాళ చేశాను. పొద్దున ఆరింటికి తలకి నూనె పట్టించి, అది నానే గంటలో చెయ్యి మోచేతిదాకా ముంచి నాలుగు వైపులా తుడిచాను. ముందు చేతులు ఉత్త నీళ్ళతో కడుక్కున్నాను, సబ్బు జోలికి పోలేదు. తర్వాత కుంకుడుపొడి, స్నానం, తొమ్మిదింటికి మందిరం; ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. మణి ఈ రెండు పనులకీ రెండు రోజులు పెట్టుకుంటుంది. నేను ఒక గంటలో కానిచ్చాను. మెకానిక్ బుర్ర అంటే ఇదీ.

ఆరాధన అయ్యాక వచ్చి చూస్తే తెట్టు డబ్బాలో నురగ లేదు. బుడగలు వస్తున్నాయి, నురగ కట్టడం లేదు. దానిక్కూడా మణి మీద బెంగేమో.

5 సెప్టెంబరు, ఆదివారం

నురగ మళ్ళీ వచ్చింది. కప్పులో ముదురు టీ రంగు నీళ్ళు, ముక్కు మూసుకునేంత వాసన. ఈ ఇంట్లో చెడ్డ వాసన వస్తే సంతోషించాలి.

తెట్టు డబ్బా అన్నది మణి పెట్టిన పేరు, షాపులో స్కిమ్మర్ అంటారు. ఒక నిలువు గొట్టం, అడుగున చెక్క ముక్క, అందులోంచి సన్నటి గాలి బుడగలు. నీళ్ళలో కరిగిన మురికి బుడగలకి అంటుకుని నురగై పైకెక్కి కప్పులో పడుతుంది. బెల్లం పాకం కాగేటప్పుడు మా అమ్మ గరిటెతో తీసేసే తెట్టు లాంటిదే. ఇది ఆగితే ఆ మురికంతా చేపలే పీల్చాలి.

ఉన్నవి రెండు చేపలు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. రెండోసారి పోయినప్పుడు మణి నెల రోజులు గది దాటి రాలేదు. అప్పుడు దేశం వెళ్ళిపోతున్న ఇంగ్లీషు డాక్టరు ఒకాయన ఈ తొట్టి తెచ్చి మా హాల్లో పెట్టించి వెళ్ళాడు. మర్నాడు మణి వచ్చి దాని ముందు కూర్చుంది. దొర ఇచ్చినవి కాబట్టి వాటికి దొరగారు, దొరసాని అని పేర్లు పెట్టింది. పెద్దది దొరసాని. మా ఇంట్లోలాగే.

10 సెప్టెంబరు, శుక్రవారం

మందిరం నుంచి వచ్చేసరికి మళ్ళీ నురగ లేదు. చెక్క ముక్క నానిపోయి ఉంటుంది.

11 సెప్టెంబరు, శనివారం

డ్యూటీ అయ్యాక హమ్రియా బజారుకి వెళ్ళాను. అక్కడ ఖమరుద్దీన్ అని కడప ఆయన పిట్టలు, గోల్డ్‌ఫిష్‌లు అమ్ముతాడు. సముద్రపు చేపల సామాను వెనక అరలో కొంచెం పెడతాడు. చెక్క ముక్కలు రెండు ఇచ్చాడు.

"నెలకొకటి మార్చల్ల సార్," అన్నాడు. "ఇంతకీ నీళ్ళల్లో ఏమన్నా పడిందా? సెంటు, అగరుబత్తి పొగ, అట్లాంటివి?"

"మా ఇంట్లో అగరుబత్తులు ఉండవు," అన్నాను. పదహారేళ్ళుగా మిషన్లు విప్పుతున్నవాణ్ణి, పిట్టలమ్మేవాడు నాకు చెప్పడమేమిటి అనిపించింది.

17 సెప్టెంబరు, శుక్రవారం

కొత్త చెక్క. అయినా నురగ లేదు.

19 సెప్టెంబరు, ఆదివారం

నురగ వచ్చింది గాని నీళ్ళు తేటగా లేవు. అజైబా బీచికి వెళ్ళి కొత్త నీళ్ళు తెచ్చాం. క్యాన్లు మోయడానికి అంజి వచ్చాడు. అంజిది కరీంనగర్ వైపు, మా కంపెనీలోనే ప్లంబరు, నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడైనా నన్ను అన్నా అంటాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి క్యాను ముంచుతూ నవ్వాడు.

"ఊళ్ళె మంచినీళ్ళు మోసినం, ఈడికొచ్చి ఉప్పునీళ్ళు మోస్తున్నం. మా ఇంటామె యాదవ్వకు జెప్తె నమ్మదన్నా."

దొరగారు ఒక మూల నిలబడిపోయాడు. మేత చల్లితే దొరసాని ఒక్కతే వస్తోంది. వాడు మొదటినుంచీ మెతక మనిషి.

22 సెప్టెంబరు, బుధవారం

దొరగారు పోయాడు.

24 సెప్టెంబరు, శుక్రవారం

ఆస్పత్రి గేటు దగ్గర కార్డు ఫోను నుంచి మాట్లాడాను. మణి పుట్టింటి ఎదురింటి ఫోనుకి చేస్తే మణిని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారట. గొంతు బాగుంది. ఒళ్ళు బాగుందట, బిడ్డ కదులుతోందట. తర్వాత అడిగింది, దొరగారు దొరసాని ఎలా ఉన్నారని.

"భేషుగ్గా ఉన్నారు," అన్నాను. "దొరగారు పైకొచ్చి నా చేతి దగ్గరే మేత తింటున్నాడు."

మణి ఒక్క క్షణం ఆగి, "అలాగా, మంచిదండీ," అంది.

అబద్ధం మొదలుపెట్టాక చిన్నదెందుకని పెద్దదే చెప్పాను. కడుపుతో ఉన్న మనిషికి ఇంకేం చెప్తాం? ఏడో నెల దాటనిద్దాం.

ఇవాళ కూడా నురగ లేదు.

25 సెప్టెంబరు, శనివారం

ఖమరుద్దీన్ దగ్గర అచ్చం దొరగారిలాంటి చేప దొరికింది. అచ్చం అంటే అచ్చం. తోక దగ్గర పట్టీ కొంచెం సన్నం. ఎవరూ కనిపెట్టలేరు. దొరసాని మొదట తరిమింది, సాయంత్రానికి ఊరుకుంది. ఆవిడే ఒప్పుకుంది, ఇంక గొడవేముంది?

1 అక్టోబరు, శుక్రవారం

ఫోను అత్తయ్య తీసింది. మణి నిద్రపోతోందట. లేపొద్దన్నాను, నిద్ర మంచిదే. అత్తయ్య గొంతు బొంగురు పోయింది, జలుబు చేసినట్టుంది.

నురగ లేదు. ఈ పాత డబ్బా పని అయిపోయింది. ఇంగ్లీషు దొర వాడిందే ఎన్నేళ్ళో. కొత్తది కొనాలి.

2 అక్టోబరు, శనివారం

కొన్నాను. జర్మనీ సరుకు అని ఖమరుద్దీన్ అట్టపెట్టె తిప్పి చూపించాడు. ఇందులో చెక్క ముక్క లేదు. మోటారు నీళ్ళని వేగంగా తోస్తుంటే ఒక సన్నటి మూతిలోంచి గాలి దానంతటదే లోపలికి పోతుంది. పద్ధతి చూడగానే నచ్చింది. బుడగలు పాలలా వచ్చాయి. రెండు గంటల్లో నురగ.

కుర్చీ వేసుకుని చూస్తూ అన్నం తిన్నాను. ఎండ కూడా తగ్గింది, కిటికీ తీస్తే గాలి వస్తోంది. చాలా రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది.

8 అక్టోబరు, శుక్రవారం

జర్మనీది కూడా ఆగింది. పొద్దున గాజు తుడిచేటప్పుడు బ్రహ్మాండంగా ఉంది, మందిరం నుంచి వచ్చేసరికి ఉత్త బుడగలు.

మణి ప్రార్థనకి వెళ్ళిందని అత్తయ్య చెప్పింది. మంచం దిగొద్దన్నారు కదా అనుకున్నాను. పోనీలే, ప్రార్థనకే కదా.

14 అక్టోబరు, గురువారం

మణి ఉత్తరం వచ్చింది. ఒకటే పేజీ. అంతా బాగుందట. పెన్సిల్‌తో రాసింది, అక్షరాలు ఏటవాలుగా పోయాయి. నర్సు అయ్యుండి పెన్ను దొరకలేదు కాబోలు. కవరు మీద భీమవరం ముద్ర ఉంది. వాళ్ళ ఊరి పోస్టాఫీసు ఇంటి పక్కనే. ఎవరో బజారుకి వెళ్తూ పట్టుకెళ్ళి అక్కడ వేసి ఉంటారు.

తలకి నూనె మానొద్దని ఇందులో కూడా రాసింది. మానలేదు మణీ, ఒక్క శుక్రవారం మానలేదు. మొదటి సీసా అయిపోయింది.

16 అక్టోబరు, శనివారం

నిన్న కూడా ఆగింది. రాస్తే చెయ్యి నొప్పి.

ఇది రాయకూడదనుకున్నాను. కానీ ఈ పుస్తకం ఎవరు చూస్తారు? దొరసాని బతికి ఉంటే బిడ్డ కూడా బతుకుతుందని నాలో ఎక్కడో పడిపోయింది. పాస్టరుగారికి చెప్తే మూఢనమ్మకం అంటారు, అది మూఢనమ్మకమే. నాకు తెలుసు. తెలిసినా పొద్దున లేవగానే ముందు తొట్టి వైపు చూస్తున్నాను, తర్వాతే ప్రార్థన. దొరగారు పోయిన రోజు డ్యూటీలో పంపు రూములో కూర్చుని ఏడ్చాను. మూడోది పోతే మణి మళ్ళీ ఆ గది దాటి రాదు. నేను ఏ మొహం పెట్టుకుని పిలవను?

నమ్మకమైన తెట్టు డబ్బా ఒకటి కావాలి. అంతే.

20 అక్టోబరు, బుధవారం

రేపటినుంచి మూడు రోజులు సరిహద్దు ఊరు బురైమిలో డ్యూటీ, అక్కడి క్లినిక్‌లో ఏసీలు బిగించాలి. ఇంటి తాళం అంజికి ఇచ్చాను. పాచి సంగతి వదిలెయ్, మేత ఒక్కటి వెయ్యి చాలు అని చెప్పాను. చిటికెడు అంటే ఎంతో మూడుసార్లు చూపించాను.

"మా బర్రెకు సుత గింత జాగ్రత్త లేదన్నా," అన్నాడు.

22 అక్టోబరు, శుక్రవారం, బురైమి

మణి మాట్లాడింది. నాలుగు వారాల తర్వాత గొంతు విన్నాను. సన్నగా ఉంది, కానీ నవ్వింది. అంతా బాగుందట. ఇక్కడ కూడా అంతా బాగుందన్నాను. ఇద్దరం చాలాసేపు బాగుంది బాగుంది అనుకున్నాం.

23 అక్టోబరు, శనివారం

పొద్దున పని అయిపోయింది. బురైమి నుంచి సరిహద్దు అవతలికి నడిచినంత దూరంలోనే అల్ ఐన్. అక్కడ చేపల షాపు ఒకటి పెద్దది, ఒక గోడ మొత్తం సముద్రపు తొట్లే. స్కిమ్మర్లు నాలుగు రకాలు నీళ్ళలో పెట్టి ఆడిస్తున్నారు. గంటన్నర నిలబడ్డాను. షాపు మనిషి రెండుసార్లు టీ ఇచ్చాడు, మూడోసారి కుర్చీ వేశాడు.

ఇన్నాళ్ళూ ఏం చూడాలో తెలియక కొన్నాను. గొట్టం ఎత్తుగా ఉండాలి, బుడగ ఎంతసేపు నీళ్ళలో ఉంటే అంత మురికి పట్టుకుంటుంది. బుడగలు కంటికి ఆననంత సన్నగా ఉండాలి. లోపల నీటి మట్టం పెంచడానికి, తగ్గించడానికి తిప్పే మర ఉండాలి. కప్పు ఒక చేత్తో ఊడి రావాలి, లేకపోతే రోజూ కడగం. మోటారు చప్పుడు చెయ్యకూడదు, చప్పుడు చేసే మోటారు ఎక్కువ రోజులు ఉండదు, అది నా సర్వీసులో చూశాను. ఇవన్నీ ఒక్కదానిలోనే ఉన్నాయి, నా నడుము దాకా వచ్చే గొట్టం. తీసుకున్నాను.

మస్కట్ దాకా కంపెనీ బండిలో దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా కొండలు. డ్రైవరు ఏదో పాట పెట్టాడు. హాయిగా ఉంది.

ఇంటికొచ్చి చూస్తే జర్మనీ డబ్బా కప్పు నిండిపోయి ఉంది. మూడు రోజులూ నురగ ఆగలేదట. అంజి చేతిలో ఏముందో.

29 అక్టోబరు, శుక్రవారం

అల్ ఐన్‌ది కూడా ఆగింది.

31 అక్టోబరు, ఆదివారం

ఖమరుద్దీన్ షాపుకి వెళ్ళి అరిచాను. అల్ ఐన్‌ది ఆయన అమ్మింది కాదు, అయినా దాని కోపం కూడా ఆయన మీదే చూపించాను. ఆయన పంజరంలో పిట్టకి నీళ్ళు పోస్తూ అంతా విన్నాడు.

"మూడు మిషన్లు ఒకే తీరుగా చెడిపోవు సార్. మీరు మెకానిక్, మీకే తెలుసు. ఏ దినం ఆగిందో రాసుకోనొచ్చి చూపించండి. జర్మనీది వాపసు తీసుకుంటా, కంపెనీకి నేనే రాస్తా. కానీ తారీఖులు కావల్ల."

తారీఖులు ఉన్నాయి, ఈ డైరీలోనే. రేపు రాసి పట్టుకెళ్ళి ఆయన మొహాన కొడతాను.

1 నవంబరు, సోమవారం

సాయంత్రం అంజి వచ్చాడు. నేను పేజీలు తిప్పి తారీఖులు చదువుతుంటే వాడు కాగితం మీద రాస్తున్నాడు. సెప్టెంబరు మూడు, పది, పదిహేడు, ఇరవై నాలుగు. అక్టోబరు ఒకటి, ఎనిమిది, పదిహేను, ఇరవై తొమ్మిది. ఈ కంపెనీ డైరీలో శుక్రవారం తారీఖు ఎర్ర రంగులో అచ్చేస్తారు. నేను వేలు పెట్టిన ప్రతి తారీఖూ ఎర్రగానే ఉంది.

అంజి కూడా చూశాడు. "అన్నా, గిది గల్ఫ్ మిషన్ గదా. జుమ్మా నాడు దానికి సెలవు," అన్నాడు. నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

ఒక్క అక్టోబరు ఇరవై రెండు లేదు. ఆ శుక్రవారం నేను బురైమిలో ఉన్నాను.

"నువ్వు లేని శుక్రవారం మంచిగనే నడిచింది," అన్నాడు అంజి. "శుక్రారం శుక్రారం ఏం జేస్తవన్నా దీన్ని?"

"ఏం చెయ్యను. తలకి నూనె పెట్టుకుంటాను, అది నానేలోపు గాజు తుడుస్తాను, స్నానం చేసి మందిరానికి పోతాను."

చెప్తూ చెప్తూనే నా చేతుల వైపు చూసుకున్నాను. అంజి లేచి బక్కెట్టు తెచ్చాడు.

పాత డబ్బా వంటింట్లో బక్కెట్లో పెట్టి తొట్టి నీళ్ళు పోసి ఆడించాం. కాసేపటికి నురగ మెడదాకా ఎక్కింది. కొబ్బరినూనె సీసా మూతి వేలితో తాకి, ఆ వేలు ఉత్త నీళ్ళతో కడుక్కుని, బక్కెట్లో ముంచాను. చూస్తుండగానే నురగ కూలిపోయింది. అరనిమిషం పట్టలేదు.

అంజి బక్కెట్టు వైపు, నా తల వైపు చూశాడు. "వదినె జెప్పినట్టే చేసినవ్ గదన్నా," అన్నాడు మెల్లగా.

చెప్పినట్టు చెయ్యలేదు. గురువారం అని రాసింది. పని కలుపుకున్నది నేను. సబ్బు వద్దందని నూనె చేతులు ఉత్త నీళ్ళతో కడిగి ముంచింది నేను. ప్రతి శుక్రవారం మోచేతిదాకా నూనె తీసుకెళ్ళి నీళ్ళలో కలిపి, మిషన్లని తిట్టి, పిట్టలమ్మేవాణ్ణి తిట్టాను. మొదటిరోజే ఆయన అడిగాడు, నీళ్ళలో ఏమన్నా పడిందా అని. దొరగారిని నా చేతులతో నేనే చంపాను. సిగ్గుగా ఉంది.

4 నవంబరు, గురువారం

డ్యూటీ నుంచి రాగానే గాజు తుడిచాను. అంతకుముందు బాత్రూములో, తొట్టికి దూరంగా, సబ్బుతో మోచేతులదాకా రుద్ది, పది చెంబుల నీళ్ళతో కడిగాను. మణి డ్యూటీలో అలా కడుక్కోవడం చూశాను.

తొట్టికి మళ్ళీ పాత డబ్బానే బిగించాను. ఎత్తు తక్కువ, మర లేదు, చెక్క ముక్క మార్చుకోవాలి. కానీ మణి ఉన్నన్నాళ్ళూ ఒక్క రోజు ఆగలేదు. నమ్మకమైనది మొదటినుంచీ ఇంట్లోనే ఉంది.

5 నవంబరు, శుక్రవారం

తలకి నూనె పెట్టుకుని గంటసేపు వంటింట్లో స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. హాల్లోకి రాలేదు. తలంటుకుని మందిరానికి వెళ్ళాను. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు, దేవుడు క్షమించాలి.

వచ్చేసరికి కప్పులో సగందాకా టీ రంగు నీళ్ళు. దొరసాని అటూ ఇటూ తిరుగుతోంది, కొత్తవాడు వెనక.

అక్కడినుంచి నేరుగా ఫోను దగ్గరికి వెళ్ళాను. ఏడో నెల దాటింది. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

"మణీ, దొరగారు లేడు. సెప్టెంబరులోనే పోయాడు. ఇప్పుడున్నది వేరేవాడు. నీకు అబద్ధం చెప్పాను."

 "నాకు తెలుసండీ," అంది మణి.

"ఎలా తెలుసు?"

"పైకొచ్చి మీ చేతి దగ్గర తింటున్నాడన్నారు కదా. ఆయన పైకి ఎప్పుడొచ్చాడు? దొరసాని తిని వదిలేస్తే కింద ఏరుకు తినే మనిషి. ఆ రోజే అర్థమైంది."

"మరి అడగలేదేం?"

"నాకోసం అంత కష్టపడి చెబుతున్నారు, చెప్పనిద్దాం అనుకున్నా."

నూనె సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది, వెనకనుంచి అత్తయ్య కడుపు జాగ్రత్త అని కేకేసింది. "మొదట్లో నేనూ ఒకసారి అలాగే చేశానండీ. అందుకే గురువారం అని రాశాను. కారణం రాయడానికి కాగితంలో చోటు లేదు. చెప్పినట్టు చేస్తారనుకున్నా." తర్వాత నెమ్మదిగా, "దొరగారు ముసలివాడైపోయాడులెండి. మీ నూనె ఒక్కటే కాదు," అంది. ఇది నాకోసం చెప్పిన అబద్ధమేమో తెలియదు. నమ్ముతున్నాను.

అప్పుడు అడిగింది, కూర్చున్నారా అని. ఇది గోడ ఫోను, కూర్చోడానికి లేదన్నాను.

"అయితే గోడ పట్టుకోండి. సెప్టెంబరు చివర్లో నాకు రక్తం కనపడింది. భీమవరం ఆస్పత్రిలో చేర్చారు. మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి, ఇరవై ఒక్క రోజు వెల్లకిలా పడుకోబెట్టారు. ఇప్పుడు బాగుందండీ. నిజంగా బాగుంది. నిన్ననే చూపించుకున్నాం."

పెన్సిలు, భీమవరం ముద్ర, అత్తయ్య బొంగురు గొంతు, అన్నీ నా కళ్ళ ముందు ఉన్నాయి, నేను మిషన్లు చూస్తూ కూర్చున్నాను.

"వెల్లకిలా పడుకుంటే పెన్ను రాయదు, అందుకే పెన్సిలు," అంది. "చెబితే మీరు వచ్చేసేవారు. దొరసానికి మేత ఎవరు వేస్తారు?"

"మణీ."

"భయం వేసినప్పుడల్లా మీ అబద్ధం తలుచుకునేదాన్ని. చేప పోతేనే నాకోసం అంత కథ అల్లిన మనిషి, ఈయనకి బిడ్డని చూపించి తీరాలి అని కదలకుండా పడుకునేదాన్ని. పక్క మంచం ఆవిడకి కూడా చెప్పా. ఆవిడ రోజూ అడిగేది, మీ ఆయన చేప తిందా అని."

కార్డు అయిపోయింది. గోడ పట్టుకునే ఉన్నాను. వెనక వరసలో నిలబడ్డ పఠాను భుజం మీద చెయ్యి వేసి, సబ్ ఠీక్ అని అడిగాడు. ఠీక్ అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

6 నవంబరు, శనివారం

ఖమరుద్దీన్‌ని క్షమించమని అడిగాను. కారణం చెప్పాను. పడీ పడీ నవ్వి, జర్మనీది తిరిగి తీసుకున్నాడు. "ఈ షాపులో ఎవరొచ్చినా ఫస్టు మీ కథ చెప్తా సార్," అన్నాడు. పేరు చెప్పొద్దని బతిమాలుకున్నాను.

9 జనవరి 1994, ఆదివారం

ఆడపిల్ల. రెండుంబావు కిలోలు. ఏడిచిందట, గట్టిగా.

దొరసానికి చెప్పాను. హాల్లో ఎవరూ లేరు, పైకే చెప్పాను.

23 మార్చి, బుధవారం

మణి దిగింది. ఇంట్లో అడుగుపెట్టి, చెప్పులు విప్పకుండా, పాపని భుజాన వేసుకుని తొట్టి ముందు నిలబడింది. చాలాసేపు చూసింది.

"దొరసాని ఒళ్ళు చేసింది," అంది. తర్వాత వంగి కొత్తవాడి తోక దగ్గర పట్టీ చూసింది. "అచ్చం అన్నారు."

"దూరంనుంచి అచ్చమే."

గాజుకి అంటించిన కాగితం ఎండకి పసుపు రంగు తిరిగింది. మణి దాన్ని పీకుతుంటే నేను ఆపాను. చేతిలోకి పాపని ఇచ్చింది. ఇంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. నా నెత్తి వైపు చూసి, "జుట్టు నిలబడింది," అంది మణి. ఆ మాటతో నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎందుకో.

25 మార్చి, శుక్రవారం

తొట్టి పని నిన్న సాయంత్రమే అయిపోయింది. ఇవాళ ముగ్గురం తలకి నూనె పెట్టుకున్నాం.